రెండో నీటి చప్పుడు

శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు గుత్తుల ఏడుకొండలు నాలుగో సిట్టింగు ముగించుకుని, లుంగీ సర్దుకుంటూ కంట్రోల్ రూము గుమ్మం దగ్గర ఆగాడు. పేషెంట్లు ఆ గుమ్మం దగ్గర ఆగరు. బట్టలు మార్చుకుని నేరుగా వెళ్లిపోతారు.

"ఒక్క మాటండి మేడం గోరూ. మీ చెవి కుళాయి చప్పుడు కూడా వింటదా అండి?"

నళిని తెర మీద నుంచి చూపు తిప్పింది. "ఏ కుళాయి?"

"లోపల చేతులు కడుక్కునే కుళాయండి. నూకరాజు గోరు తిప్పుతారు కదా. మొన్నా తిప్పారు, ఇయ్యాలా తిప్పారు. ముందు రెండుసార్లూ తిప్పలేదండి. నాకు దాంతో పనిలేదు. ముప్పయ్యారేళ్లు కాలవ లాకుల కాడ లస్కరుగా చేశాను. నీళ్ల చప్పుడింటే నాకు నిద్రొస్తది గాని ఒంటేలు రాదు." నవ్వాడు. "ఏం లేదండి. రెండు నీళ్లు ఒక్కసారి పారతా ఉంటే ఏ నీళ్లు ఎక్కడున్నాయో చెప్పడం మాకే కష్టవండి. అందుకని అడిగాను."

"సోమవారం చివరిది. తొమ్మిదింటికే రండి," అంది నళిని.

అతను వెళ్లాక ఆమె బుధవారం నాటి ఫైలు తెరిచింది. ఆ రోజు గీత మూడు మిల్లీమీటర్లు కుడికి జరిగి ఉంది. అప్పుడు చూసింది. పేగులో గ్యాసు చేరితే గ్రంథి అటూ ఇటూ జరగడం మామూలే. అందుకే కదా ప్రతి సిట్టింగుకీ మళ్లీ వినేది, అనుకుని వదిలేసింది. ఇవాళ్టి ఫైలు తెరిచింది. ఇవాళా మూడే. ఇవాళా కుడికే.

చెవి అన్నది పరికరానికి ఆసుపత్రి వాళ్లు పెట్టుకున్న పేరు. మూత్రనాళం ప్రోస్టేటు గ్రంథి మధ్యలోంచి వెళుతుంది. కేన్సరును కాల్చే కిరణాలు దాన్నీ కాలుస్తాయి. కాలిన నాళం అప్పటికప్పుడు ఏమీ అనదు. ఏడాదికో రెండేళ్లకో మచ్చకట్టి, ముడుచుకుని, మూసుకుపోతుంది. ఆ తర్వాత పైపు, తొడకు కట్టుకునే సంచి. తప్పించి కాల్చాలంటే నాళం ఎక్కడుందో తెలియాలి. పారేదేమీ లేనప్పుడు దాని గోడలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, స్కానులో చుట్టూ ఉన్న కండలో కలిసిపోతాయి. పైపు దూర్చి స్కాను తీస్తే జాడ దొరుకుతుంది. కానీ సిట్టింగుకోసారి దూర్చాలి. ఆ మాట వినగానే మగవాళ్లలో సగం మంది మళ్లీ వస్తామని వెళ్లిపోతారు.

నళిని ఆ ఆసుపత్రిలో ఫిజిసిస్టు. కిరణం ఎంత, ఎక్కడ, ఎంతసేపు అని నిర్ణయించే పని. ఏడేళ్లు కూర్చుని ఒక చాప తయారు చేసింది. అందులో అరవై నాలుగు మైకులు. పేషెంటు నడుము కింద పరుస్తారు. అతను వెల్లకిలా పడుకుని, తొడుగులోకి ఇరవై సెకన్లు ఒంటేలు వదిలితే చాలు. నాళంలో నీరు కదిలే చప్పుడు విని, అది ఎక్కణ్ణించి వస్తోందో లెక్కగట్టి, తెర మీద ఆకుపచ్చ గీత పడుతుంది. కంప్యూటరు ఆ గీత చుట్టూ సన్నటి దారి వదిలి మిగతాదంతా కాల్పిస్తుంది. మొదటి పదిమందికి పైపు వేసి కూడా సరిచూశారు. తేడా అర మిల్లీమీటరు దాటలేదు. ఆ తర్వాత పైపు మానేశారు. పైపు మానడానికే కదా చాప.

ఏడుకొండలు వచ్చిందీ అందుకే. అతని అన్న ఇదే జబ్బుకి మరోచోట కిరణాల కరెంటు పెట్టించుకుని, ఆఖరి మూడేళ్లు సంచితో బతికాడు. మొదటి రోజు సంతకం పెట్టేటప్పుడు ఏడుకొండలు ఒకటే అడిగాడు. "పోతే పోయానండి. పైపు మాత్రం పడకూడదు. అలాగైతేనే పెడతాను."

నళిని నూకరాజు కోసం వెతికింది. క్యాంటీన్లో పెసరట్టు తింటున్నాడు. పదమూడేళ్లుగా అతనే టెక్నీషియన్. పేషెంటును బల్ల మీద పడుకోబెట్టేదీ, చాప పరిచేదీ, తొడుగు పెట్టేదీ అతనే.

"కుళాయి ఎప్పటి నుంచి తిప్పుతున్నావు?"

"అదా అండి. పదకొండో పేషెంటు నించండి. ఆయన గంటన్నర పడుకున్నా చుక్క రాలేదు. పొట్ట ఉబ్బిపోయింది. అరవయ్యేళ్లు నిలబడి పోసినోడికి పడుకుని పొయ్యమంటే ఎలాగొస్తదండి? ఏడుపొక్కటే తక్కువ. చిన్నప్పుడు మా అమ్మ కుళాయి తిప్పి, స్స్ అనేదండి. స్స్ అనలేను కదా ఆయన్ని పట్టుకుని. కుళాయి తిప్పాను. నిమిషంలో వచ్చేసింది."

"అప్పటి నుంచి అందరికీనా?"

"లేటయినోళ్లకేనండి. ఈ మధ్య కొంచెం ముందే తిప్పేస్తున్నాను, బయట జనం ఎక్కువయ్యారని." చట్నీ గిన్నె పక్కకి జరిపాడు. "ఏంటండి మేడం, నీళ్లు వేస్టని ఎవరైనా అన్నారా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇందులో చెప్పేదేముందండి? ఆ రెండు నిమిషాలూ లోపలి సంగతి అడగను, మగాళ్లు సిగ్గుపడతారు అని మీరే కదా అన్నారు."

అన్నది ఆమే. కెమెరా ఆపించింది, గదిలో మాటలు వినిపించే మైకూ ఆపించింది. తెర వెనుక ఆడమనిషి కూర్చుని వింటోందంటే ఏ పెద్దమనిషికీ రాదని, అంతమట్టుకు మర్యాద పాటించాలని, ఆ నిబంధన తన చేత్తో రాసింది.

ఆ సాయంత్రం ఇంట్లో కందిపప్పు మాడింది. భర్త శేషగిరి కుక్కరు దింపి కిటికీ తెరిచాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు.

"మూడుసార్లు పిలిచాను. ఏం చూస్తున్నావక్కడ?"

"చేతులు కడుక్కో."

"కడుక్కున్నానే."

"మళ్లీ కడుక్కో. కుళాయి తిప్పి ఉంచు."

అతను ఆమె మొహం చూసి, కుళాయి తిప్పాడు. ఆమె సింకు పక్కన గోడకి చెవి ఆనించింది. తర్వాత వంగి నేలకి ఆనించింది. గొట్టం గచ్చు కిందనుంచి వెళుతోంది. చప్పుడు గోడలో కంటే గచ్చులో ఎక్కువుంది.

"పప్పు సంగతి వదిలెయ్. బయటినుంచి తెప్పిస్తాను," అన్నాడు శేషగిరి. "నీకేమైందో చెబుతావా?"

"రేపు చూశాక చెబుతాను."

శనివారం ఒంటిగంటకి చివరి పేషెంటు వెళ్లాడు. నళిని నూకరాజుని ఉండమంది. ఇద్దరూ కలిసి బల్ల మీద చాప పరిచి, దాని మీద జెల్లీ బొమ్మను పెట్టారు. మనిషి నడుము ఆకారంలో పోసిన దిమ్మ అది. కిరణాల లెక్క సరిచూడడానికి వాడతారు. లోపల నాళం లేదు, నీళ్లు లేవు.

"తిప్పు," అంది.

నూకరాజు ఎప్పుడూ తిప్పినంతే తిప్పాడు. ఇద్దరూ కంట్రోల్ రూములోకి వచ్చి తెర ముందు నిలబడ్డారు. ఇరవై సెకన్లకి ఆకుపచ్చ గీత పడింది. దిమ్మకు కుడి అంచున, తిన్నగా, ఎక్కడా తెగకుండా పడింది.

నూకరాజు గీతకేసి, పక్కన కెమెరా తెరలో బల్లకేసి, మళ్లీ గీతకేసి చూశాడు. "దాన్లో ఏమీ లేదు కదండి మేడం."

"లేదు."

"మరి గీత?"

"కుళాయిది. గొట్టం బల్ల కిందనుంచే వెళుతోంది. గాల్లోంచి వచ్చే చప్పుడు వినొద్దని చాపకి నేర్పాను. కిందనుంచి వచ్చేది లోపలిదే అనుకుంటుంది. మనిషి చప్పుడూ కుళాయి చప్పుడూ కలిస్తే, రెండింటికీ మధ్యలో గీస్తుంది."

నూకరాజు గదిలోకి వెళ్లి కుళాయి కట్టేశాడు. వచ్చాక కూర్చోలేదు. "మేడం, వాళ్లకి నొప్పి లేకుండా ఉండాలనే..." అని ఆగిపోయాడు.

"నాకు తెలుసు. ఇంటికెళ్లు."

అతను వెళ్లలేదు. ఫైళ్లు ఒక్కొక్కటే తీసి ఇచ్చాడు. మనిషి ఒంటేలు మొదలై ఆగిపోతుంది, కుళాయి చప్పుడు ముందు నుంచీ ఉండి చివరి దాకా ఉంటుంది. ఏ ఫైల్లో చప్పుడు ఆగలేదో వెతికితే చాలు. పదకొండో మనిషి నుంచి ముప్పయ్యొకటో మనిషి దాకా చూశారు. ఇరవయ్యొక్క మంది. అందులో పధ్నాలుగు మంది ఫైళ్లలో ఆ చప్పుడు ఉంది. కొందరికి ఒక సిట్టింగులో, ఇద్దరికి అయిదింటిలోనూ. వాళ్లలో కాలకూడనిది కాలింది. కాలవలసింది, గీత చుట్టూ వదిలిన దారిలో, కొంత మిగిలింది. ముప్పయ్యొకటో మనిషి ఏడుకొండలు. అతనికి రెండు సిట్టింగుల్లో.

ఆదివారం ఉదయం డాక్టర్ చయనులు వరండాలో కూర్చుని తోటకూర కాడలు ఒలుస్తున్నారు. రేడియేషన్ విభాగానికి ఆయనే అధిపతి. చాప కోసం గది ఇచ్చిందీ, డబ్బు తెచ్చిందీ, నవ్విన వాళ్లని ఊరుకోబెట్టిందీ ఆయనే. నళిని చెప్పినంతసేపూ కాడలు ఒలుస్తూనే ఉన్నారు.

"మూడు మిల్లీమీటర్లు," అన్నారు చివరికి.

"అవును సర్."

"గురువారం ఈ ట్రయలు మీద కమిటీ కూర్చుంటుంది. ఒప్పుకుంటే చాపని ఇరవై ఆసుపత్రుల్లో పెడతారు. సూచనల్లో ఒక వాక్యం చేర్చు. వినే సమయంలో గదిలో నీటి చప్పుడు ఉండరాదు. యంత్రం తప్పు కాదు కదా."

"ఆ పధ్నాలుగు మంది?"

"చెప్పి ఏం చేస్తావు? కాలింది కాలింది. బాత్రూముకి వెళ్లిన ప్రతిసారీ భయపడతారు. వాళ్లలో సగం మందికి ఏమీ కాదు. ఏమీ కాని వాళ్లకి కూడా భయం మిగులుతుంది."

"మిగతా సగం మంది మూసుకుపోయాక వస్తారు సర్. ముందే తెలిస్తే సన్నబడుతున్నప్పుడే వస్తారు. అప్పుడైతే వెడల్పు చెయ్యొచ్చు. రక్తపరీక్ష మూడు నెలలకోసారి చేయించుకుంటారు. మిగిలిన కేన్సరు ఉంటే దొరుకుతుంది."

ఆయన కాడ పక్కన పెట్టారు. "నువ్వు చెప్పిన రోజున ట్రయలు ఆగుతుంది. ఆపవలసింది నేనే, ఆపుతాను. మళ్లీ మొదలవడానికి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో ఊళ్లలో ఎంతమందికి పైపులు పడతాయి? అదీ లెక్కలో వేసుకో."

"వేసుకున్నాను సర్. నిన్నటి నుంచి అదే పట్టుకుని తిరుగుతున్నాను."

"ఎంతొచ్చింది?"

"తేలలేదు. కానీ ఏడుకొండలు గారికి రేపు అయిదోది ఉంది. ఆయనకి చెప్పకుండా నేను మిషను ఆన్ చెయ్యలేను."

ఆయన మళ్లీ కాడ అందుకున్నారు. లోపలి నుంచి ఆయన భార్య కాఫీ తీసుకొచ్చేసరికి నళిని గేటు దగ్గర చెప్పులేసుకుంటోంది.

ఏడుకొండలు ఇల్లు ఆసుపత్రి ఉన్న కాకినాడకి పాతిక కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టు మీద ఉంది. ఆటో దిగిన నళినిని గుర్తుపట్టి అతని భార్య మంగాయమ్మ గేదెకి కుడితి పెట్టడం ఆపింది.

"ఆదివారం పూట ఆసుపత్రి ఇంటికొచ్చిందంటే మంచి కబురు కాదు," అంది. "కూకోండి అమ్మగోరూ. మజ్జిగ తాగాక చెబుదురు గాని."

నళిని మజ్జిగ తాగింది. మంచం మీద కూర్చున్న ఏడుకొండలుకి మొత్తం చెప్పింది. కుళాయి, జెల్లీ దిమ్మ, గీత, రెండు సిట్టింగులు, మిగతా పదమూడు మంది. ఏదీ తగ్గించలేదు.

"మూడు మిల్లీమీటర్లంటే ఎంతండి?" అన్నాడతను.

"బియ్యపు గింజ మందానికి ఒకటిన్నర రెట్లు."

"గింజంత దానికి ఇంత దూరం వచ్చారా?" అంది మంగాయమ్మ.

"నువ్వుండవే. గట్టులో ఎండ్రకాయ బొక్క ఎంతుంటది? దాంతోనే గట్టు తెగుద్ది." అతను నళిని వైపు తిరిగాడు. "నేను అడక్కపోతే మీకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

"రేపు కూడా తిప్పేవోరు."

"అవును."

అతను లేచి గట్టు అంచు దాకా వెళ్లాడు. కాలువకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నళిని కూడా లేచింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. మంగాయమ్మ ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుంది. "ఆయన కోపం అలాగే ఉంటదమ్మా. నీళ్లతోనే మాట్లాడతాడు. రానీండి."

తిరిగొచ్చి అతను మంచం మీద కూర్చోలేదు. "మా అన్న పెళ్లిళ్లకి వచ్చేవోడు కాదండి. వాసనొస్తదని బస్సెక్కేవోడు కాదు. ఇలాగవుతదని ఆడికి ఎవరూ చెప్పలేదు. తనే ఏదో తప్పు చేశాననుకునేవోడు. నీళ్లు ఎక్కువ తాగాననో, తక్కువ తాగాననో. మూడేళ్లూ అదే ఆలోచించాడండి." ఆగాడు. "నాకూ అదేనా?"

"అవొచ్చు. కాకపోవచ్చు. అయిదు సిట్టింగుల్లో రెండే తప్పాయి కాబట్టి కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఖచ్చితంగా చెప్పలేను. రేపటిదాన్లో నాళం ఎడమ గోడని వీలైనంత తప్పిస్తాను. దానికి రేపొక్కరోజు పైపు వెయ్యాలి. ముందు చెవి వింటుంది, కుళాయి లేకుండా. తర్వాత పైపు పెట్టి స్కాను తీస్తాం. అరగంటలో తీసేస్తాం."

"పైపు వద్దనే కదండి మీ దగ్గరకొచ్చింది."

"అవును."

"ఈ మాట మిగతావోళ్లకి చెప్పారా?"

"మీకే మొదట."

"ఎందుకండి?"

"మీకింకొకటి మిగిలుంది. వాళ్లకి అయిపోయాయి."

"అయితే ఆళ్లకి చెప్పకపోయినా మీ పని ఆగదు," అంది మంగాయమ్మ. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. కుడితి తొట్టి దగ్గరికి వెళుతూ, ఉన్నమాట అన్నట్టు అంది.

ఆటో ఎక్కుతుంటే ఏడుకొండలు దగ్గరికి వచ్చాడు. "నూకరాజు గోరి ఉద్యోగం పోద్దా అండి?"

"కెమెరా ఆపమన్నది నేను. కాగితం మీద అదే రాస్తాను."

"మంచోడండి. సిగ్గుపడతన్నానని మొదటిరోజు మొహం అటు తిప్పుకుని కబుర్లు చెప్పాడు." తల గోక్కున్నాడు. "తొమ్మిదింటికి వస్తానండి."

సోమవారం అతను ఎనిమిదిన్నరకే వచ్చాడు. కుళాయికి నూకరాజు అంతకుముందే గుడ్డ చుట్టి, గోడ వెనకాల వాల్వు కట్టేసి ఉంచాడు. ఏడుకొండలు పడుకున్నాడు. గదిలో చప్పుడు లేదు. పన్నెండు నిమిషాలు పట్టింది. గీత పడింది. తర్వాత పైపు పెట్టారు. పెడుతున్నప్పుడు అతను నూకరాజు మణికట్టు పట్టుకున్నాడు, అయ్యాక కూడా కొంతసేపు వదల్లేదు. స్కాను తీశారు.

రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పెడితే తేడా మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులు.

"మన చెవి కరెక్టేనండి మేడం," అన్నాడు నూకరాజు.

"కరెక్టే," అంది నళిని. తెర మీద దాదాపు ఒకటిగా పడిన ఆ రెండు గీతలే ఏడేళ్లు కూర్చుని ఆమె సాధించిన బొమ్మ. చాలాసేపు చూడలేకపోయింది. లెక్క పూర్తి చేసి, రెండోసారి సరిచూసి, కిరణం వదిలింది. నాలుగు నిమిషాలు. పైపు తీశారు. ఏడుకొండలు బట్టలు మార్చుకుని, ఈసారి గుమ్మం దగ్గర ఆగకుండా వెళ్లిపోయాడు.

పదకొండింటికి ఆమె రెండు పేజీల కాగితం చయనులు గారి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. కెమెరా గురించిన పేరా రెండుసార్లు చదివారు. కింద సంతకం చేసి, ట్రయలు ఆపుతున్నట్టు కమిటీకి మెయిలు తనే కొట్టారు.

"ఫోన్లు ఇక్కడి నుంచే చెయ్యి," అన్నారు లేచి. "నీ గదిలో జనం ఉంటారు." తలుపు దగ్గరికి వేసి వెళ్లారు.

పదమూడు పేర్లు. ఆమె మొదటి నంబరు నొక్కి, రింగు వినకముందే కట్ చేసింది. కిటికీ దాకా నడిచి వచ్చి మళ్లీ నొక్కింది. సలాది వీర్రాజు, తునిలో ఉంటాడు, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. కరెంటు పెట్టి పధ్నాలుగు నెలలయింది.

"మేడం గారా! నేనే చేద్దామనుకుంటున్నానండి," అన్నాడు. "మా వియ్యంకుడికి కూడా ఇదే జబ్బని తేలింది. వేరే ఎక్కడికీ వద్దు, మా మేడం దగ్గరికే పద, పైపూ గీపూ ఉండదు అని చెప్పాను. ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

"మీరెలా ఉన్నారండి?"

"బ్రహ్మాండంగా ఉన్నాను."

"ధార బాగా వస్తోందా?"

"వస్తుందండి. కాస్త నిదానం. ఇదివరకు నిమిషంలో అయ్యేది, ఇప్పుడు ఐదారు నిమిషాలు నిలబడాలి. మా మనవరాలు తలుపు కొడతది, తాతా లోపల నిద్రపోయావా అని." నవ్వాడు. "డెబ్బయి దాటాక మామూలే కదండి."

"ఎప్పటి నుంచి?"

"దసరా వెళ్లాక అనుకుంటానండి. చెప్పుకోవలసినంతది కాదు."

నళిని కుర్చీ లాక్కుంది. కూర్చోలేదు.

"వీర్రాజు గారూ, అది వయసు వల్ల కాదండి. ఇంట్లో ఎవరైనా ఉంటే పక్కకి పిలవండి. మొదటి నుంచి చెబుతాను."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు, ఎవరినో పిలిచిన చప్పుడు వినిపించాయి. తర్వాత అతను ఫోను దగ్గరికి వచ్చాడు.

"చెప్పండి," అన్నాడు.